క్రిమికి కులం అంటగట్టొద్దు!

పంది కడుపులో ఉండే ఒక క్రిమికీ, మనుషులకొచ్చే పార్కిన్సన్ జబ్బుకీ సంబంధం ఉండొచ్చని కొందరు పరిశోధకులు అంటున్నారు. ఈ మాట ల్యాబులో ఉన్నంతసేపు శాస్త్రమే. ఊళ్లోకి దిగితే ఏమవుతుందో మనకు తెలుసు. 'పంది తినేవాళ్ల రోగం' అవుతుంది. 'వాళ్ల గుడిసెలు ఊరవతలికి తోలండి' అవుతుంది. అందుకే వాళ్ల నోట వినకముందే అసలు సంగతి మనమే తెలుసుకుందాం.

జబ్బు ఏమిటి? చెయ్యి వణుకుతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, నడక మందగిస్తుంది. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు చచ్చిపోవడం వల్ల ఇలా జరుగుతుంది. 1817లో దీని గురించి వివరంగా రాసినవాడు లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్. జనానికి పార్లమెంటులో చోటు కావాలని మారుపేరుతో కరపత్రాలు రాసినవాడూ ఆయనే.

క్రిమి పేరు హెలికోబాక్టర్ సుయిస్. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం, లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు దీన్ని పరిశీలించారు. మిగతావాళ్ల కన్నా పార్కిన్సన్ రోగుల కడుపుల్లో దీని ఆనవాళ్లు ఎక్కువగా కనిపించాయి. ఈ జబ్బు కడుపులో, పేగుల్లో మొదలై నరం వెంట మెదడుకు ఎక్కుతుందేమోనని జర్మనీ శాస్త్రవేత్త హైకో బ్రాక్ బృందం 2003లోనే చెప్పింది. చాలామంది రోగులకు వణుకు రావడానికి ఏళ్ల ముందే మలబద్ధకం ఉంటుంది. కాబట్టి కడుపు వైపు చూడటం సబబే.

కానీ రెండూ ఒకచోట కనబడినంత మాత్రాన ఒకదానివల్లే రెండోది వచ్చిందని తేలదు. ఈ క్రిమికి దగ్గరి చుట్టం హెలికోబాక్టర్ పైలోరి. మలేసియాలో పార్కిన్సన్ రోగులకు ఆ పైలోరిని మందులతో పోగొట్టి చూశారు. జబ్బు లక్షణాలు తగ్గలేదని 2020లో ప్రకటించారు. అంటే విషయం ఇంకా తేలలేదు. తేలనిదాన్ని తీర్పుగా మన నెత్తిన రుద్దితే ఊరుకుంటామా?

ఇంకో సంగతి. ఈ క్రిమి మొదటి ఇల్లు పంది కాదు, కోతి. వేల ఏళ్ల కిందట కోతుల నుంచి పందులకు చేరిందని జన్యుపరీక్షలు చెబుతున్నాయి. దీని చుట్టాలు కుక్కల్లో, పిల్లుల్లో కూడా ఉన్నాయి, అవీ మనుషులకు అంటుతాయి. కోతికి దణ్ణం పెట్టి, కుక్కను సోఫా మీద పడుకోబెట్టుకునే దొరకు పందిని చూస్తేనే ముక్కు మూసుకోవాలనిపిస్తుందెందుకు? ఆ కంపు పందిది కాదు, కులానిది.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బు పంది నుంచి మనిషికి నేరుగా రాదు, దోమ మోసుకొస్తుంది. ఆ దోమ వరిమళ్ల నీళ్లలో పుడుతుంది. అయినా అలాంటి జబ్బు పేరెత్తితే ముందు తరిమేది పందినీ, పందిని మేపుకునే ఎరుకల కుటుంబాన్నీ. వరిమడి ఆసామిని ఎవడూ తరమడు! పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది. ఇప్పుడు రోగకారకులనే ముద్రకు మేం ఒప్పుకోం.

అలాగని జాగ్రత్త వద్దనడం లేదు. పందుల దగ్గర పనిచేసేవాళ్లకూ, మాంసం కోసేవాళ్లకూ ఈ క్రిమి అంటే అవకాశం ఎక్కువ. మాంసం బాగా ఉడికించి తింటే క్రిమి చస్తుంది. పొట్ట, పేగులు శుభ్రం చేశాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అయితే సబ్బు రుద్దుకోవడానికి వాడలో కుళాయి ఉండాలి కదా? నీళ్లివ్వకుండా శుభ్రం నేర్పేవాళ్ల ఉపన్యాసం మాకొద్దు.

మేం అడిగేవి ఇవి. పందుల పెంపకందార్ల వాడలకు మంచినీళ్లు కావాలి. మాంసం కోసేచోట గ్లవుజులు, నీళ్లు, మురుగుకాల్వ కావాలి. పశువైద్యుడు గేదెల దొడ్డికే కాదు, పందుల దొడ్డికీ రావాలి. పార్కిన్సన్‌కు వాడే లెవోడోపా ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. అది సర్కారు దవాఖానాలో ఉచితంగా దొరకాలి.

కార్యకర్తలకు ఒక మాట. వాడలో ఎవరికైనా చెయ్యి వణుకుతుంటే ముసలితనమనీ, చేతబడి అనీ వదిలేయకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మందు లేదంటే నలుగురూ కలిసి అక్కడే నిలబడి అడగండి.

పరిశోధన సాగాలి, నిజం తేలాలి. తేలిన నిజం మన వాడకు వైద్యమై రావాలి, వెలి అయి కాదు.

జై భీమ్!