నానార్థాల నూనె

తెలుగు పాఠం చెప్పుకొనే వాడికి కారు నూనెతో ఏం పనండీ అని మీరు అడగవచ్చు. నిన్నమొన్నటి దాకా నేనూ అట్లాగే అనుకొన్నాను. కాని పోయిన ఆదివారం పటాన్‌చెరులో ఒక రేకుల షెడ్డు ముందు కూర్చున్న రెండు గంటల్లో నా అభిప్రాయం మారిపోయింది.

మా బావమరిది పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మూడేళ్ల క్రితం అతని ఎడమపాదం యంత్రం కింద నలిగింది. నడుస్తాడు గాని క్లచ్ తొక్కలేడు. అందుకని చేతిలో ఉన్నదంతా ఊడ్చి సెకండ్ హ్యాండులో ఒక హోండా సిటీ కొన్నాడు, ఆటోమేటిక్‌ది. సంగారెడ్డి నుంచి షిఫ్టుకు అందులోనే పోయి వస్తాడు. ఇరుగుపొరుగు దాన్ని దర్జా అనుకొంటారు గాని, నిజానికి అది అతని ఎడమకాలు.

ఈమధ్య బండి కదలబోయేటప్పుడు వణుకుతున్నది. "గేర్ ఆయిల్ మార్పియ్యాలంట బావా, జర తోడు రా" అన్నాడు. వెళ్లాను.

మేము టీ తాగేలోపల మెకానిక్కు పాత నూనె దించేశాడు. దాన్ని కాలవలో పారబోస్తాడేమోనని చూశాను. లేదు, డబ్బాలోకే పట్టాడు. "నక్కవాగును ఇప్పటికే ఖరాబు చేసిండ్రు గద సార్, మనమెందుకు?" అన్నాడు. మనిషి మంచివాడే. ఆ వెంటనే ఎర్రని నూనె డబ్బా మూత తిప్పబోయాడు.

"ఈ బండికి ఇదేనా?" అన్నాను.

"ఆటోమేటిక్ బండికి ఆటోమేటిక్ ఆయిల్. అన్నిట్ల గిదే పోస్తం సార్. ఏం గాదు."

'హరి' అంటే ఏమిటని నేను క్లాసులో ఏటా అడుగుతాను. విష్ణువు అంటారు పిల్లలు. సింహం కూడా హరే, కోతీ హరే, కప్పా హరే. ఏ హరో తెలియకుండా అర్థం చెప్పరాదు. ఆటోమేటిక్ అన్న మాటా అట్లాంటిదే సుమండీ! మన రోడ్ల మీద దానికి నాలుగు అర్థాలున్నాయి.

మొదటిది పాతకాలపు అసలు ఆటోమేటిక్. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యానుల్లో ఒకటి తిరిగితే గాలికి రెండోది తిరిగినట్లు, ఇందులో నూనె ఊతంతో ఇంజను శక్తి చక్రాల వైపు పోతుంది. రెండవది సీవీటీ. రెండు కప్పీల నడుమ ఉక్కు పట్టీ ఒకటి బిగిసి తిరుగుతుంది, విడివిడి గేర్లుండవు. మూడవ దానిలో రెండు క్లచ్చులుంటాయి. నాలుగవది ఏఎంటీ, 2014లో మారుతి సెలేరియోతో మన దేశానికి వచ్చింది. అది మామూలు గేర్‌పెట్టే. మన కాలూ చెయ్యీ చేసే పనిని యంత్రం చేస్తుంది, అంతే.

మామూలు గేర్‌పెట్టెలో నూనెకు ముఖ్యమైన పని ఒరిపిడి తగ్గించడం. ఆటోమేటిక్‌లో అది వేడిని మోయాలి, ఒత్తిడితో గేర్లు మార్చాలి, జారవలసిన చోట జారాలి, పట్టవలసిన చోట పట్టాలి. సీవీటీలో ఉక్కు మీద ఉక్కు జారకుండా పట్టు ఇవ్వవలసిందీ ఆ నూనే. పట్టు తప్పితే పట్టీ గీసుకుపోతుంది. తరవాత మార్చవలసింది నూనె కాదు, పెట్టె.

మరి రంగు మాటేమిటి? ఎరుపు కేవలం అద్దకం. కింద కారిన చుక్క ఇంజన్‌దా గేర్‌దా అని తెలియడానికి కలిపింది. దానిని బట్టి జాతి చెప్పలేము.

ఒకప్పుడు ఈ గొడవ ఇంత లేదు. 1949లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 'టైప్ ఏ' అని ఒక ప్రమాణం పెట్టారు. ఆ రోజుల్లో ఈ నూనెలో తిమింగలం కొవ్వు కూడా కలిపేవారట! 1967లో 'డెక్స్రాన్' వచ్చింది. ఆ పైన ఏ కంపెనీ పెట్టెకు ఆ కంపెనీ నూనె అయింది.

కారు సొరుగులో యజమాని పుస్తకం ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా. తీసి చదివాను. 2008లో వచ్చిన తరం సిటీలో అయిదు గేర్ల ఆటోమేటిక్. దానికి డీడబ్ల్యూ-1 రకం నూనె. 2014లో వచ్చిన తరంలో సీవీటీ, దానికి హెచ్‌సీఎఫ్-2. మాది రెండోది. కంపెనీ ఒకటే, పేరు ఒకటే, నూనెలు వేరు!

కాని ఆ నూనె ఆదివారం అక్కడ దొరకలేదు. బావమరిది గడియారం చూసుకొన్నాడు. "రాత్రి షిఫ్టున్నది బావా. ఇప్పటికి గిదే పోసి, తర్వాత మార్పిద్దాం."

నా దగ్గర ధైర్యంగా చెప్పగల మాట ఒక్కటే ఉంది: "ఒక రాత్రి కష్టం నీ కాలికి. ఇది పోస్తే కష్టం బండికి. కొత్త పెట్టె కొనగలవా?"

అతను మాట్లాడలేదు. కారు అక్కడే వదిలి, ఇస్నాపూర్ వైపు పోయే షేర్ ఆటో ఎక్కాడు. కుంటుతూ ఎక్కుతుంటే చూడలేకపోయాను. చెప్పింది సరైనదే గాని, నడిచేది నేను కాదు గదా!

సోమవారం సరైన నూనె తెచ్చాము. పుస్తకంలో చెప్పిన కొలతకు పోసి, చెప్పిన పద్ధతిలో మట్టం చూసి తిప్పితే వణుకు పోయింది. మెకానిక్కు పుస్తకం అటూ ఇటూ తిప్పి, "గిది ముందే చూపియ్యాలె గద సార్" అన్నాడు. నిజమే. బండి తాళం అతని చేతికిచ్చాము, పుస్తకం సొరుగులో దాచాము. తప్పు సగం మాది.

కనుక ఆటోమేటిక్ కారు ఉన్నవారికి నా మనవి ఇంతే. ఖరీదు చూడకండి, రంగు చూడకండి, "అన్నిట్లో ఇదే" అన్న మాట వినకండి. మీ బండి ఏ ఏటిదో, ఏ రకం పెట్టెదో తెలుసుకొని, పుస్తకంలో రాసిన నూనె పేరు ఒక చీటీ మీద రాసి మెకానిక్కు చేతికివ్వండి. డబ్బా మూత తీయక ముందే పేరు చదవండి.

చదువుకొన్న వాళ్లం, ఆమాత్రం చదవలేమా?