సర్టిఫికెట్ అడగకుండా మనల్ని ఎరిగినవాడు

కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి. ఇది చర్చికి వెళ్ళే వాళ్ళ కోసమే కాదు. వెళ్ళని వాళ్ళు కూడా చదివి మీ మాట చెప్పండి.

మన కారేపల్లి చుట్టుపక్కల గూడేల్లో, తండాల్లో పుట్టిన పిల్లలం అడుగడుగునా మనం ఎవరిమో చూపించుకోవాలి. హాస్టల్ సీటుకు కుల సర్టిఫికెట్. స్కాలర్‌షిప్‌కు ఆదాయం సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు పాసుబుక్. ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి మెమోలో ఇంకో పేరు ఉంటే ఇక మీసేవ చుట్టూ తిరుగుడే. పోడు భూమి సంగతి ఇంకా కష్టం. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచే ఆ భూమి మన సాగులో ఉన్నట్టు రుజువు చూపించాలి. తాత ఎన్ని వానాకాలాలు అక్కడ నాగలి పట్టాడో ఊరంతటికీ తెలుసు. ఆఫీసుకు మాత్రం రుజువు కావాలి.

అందుకే ఎవరైనా "నీ వివరాలు చెప్పు" అంటే మనకు ముందు గుండె దడ వస్తది. ఏది తప్పు పడుతుందో, ఏది ఆగిపోతుందో అని. ఇట్లాంటి మనకు పాస్టరుగారు "దేవునికి నీ గురించి అంతా తెలుసు" అంటే అది ఓదార్పులా వినిపిస్తదా? చాలామందికి సీసీ కెమెరాలా వినిపిస్తది.

కానీ మనల్ని తెలుసుకోవడం రెండు రకాలుగా ఉంటది. కోయగూడెంలో కొత్త మనిషి కనిపిస్తే పెద్దాయన ఏం అడుగుతాడు? ఇంటిపేరు ఏంటి, ఏ గట్టు, ఎవరి మనవడివి. తండాలో అయితే గోత్రం అడుగుతారు. అదీ విచారణే. కానీ ఆ ప్రశ్నల చివర మనకు ఒక వరస దొరుకుతది. అల్లుడివో, మనవడివో, తమ్ముడివో తేలిపోతది. ఆ తర్వాత మంచం వాల్చి మంచినీళ్ళు ఇస్తారు. ఆఫీసు అడిగేది మనం అర్హులమా కాదా అని. పెద్దాయన అడిగేది మనం తనకు ఏమవుతామని. దేవుడు మనల్ని ఎరగడం ఈ రెండో రకం అని నేను నమ్ముతున్నా.

139వ కీర్తన ఒకసారి నిదానంగా చదవండి. తన గురించి దేవునికి అంతా తెలుసని చెప్పిన మనిషే, ఆయనకు కనపడకుండా ఎక్కడికి పోగలనని కూడా అడుగుతాడు. అదే మనిషి చివర్లో తనను ఇంకా పరీక్షించి చూడమని తానే బతిమాలుకుంటాడు. మధ్యలో ఏం జరిగింది? తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచే దేవుడు తనను ఎరుగునని అతనికి గుర్తొచ్చింది. అప్పటికి మంచీ చేయలేదు, చెడూ చేయలేదు, మార్కులూ లేవు. ముందే తనవాడు అనుకున్న దేవుని దగ్గర దాచుకునే పని ఏముంది?

ఆదికాండం 16వ అధ్యాయంలో హాగరు కథ కూడా అంతే. ఐగుప్తు నుంచి వచ్చిన పనిమనిషి. ఆ అధ్యాయంలో యజమానులు ఆమె గురించి మాట్లాడేటప్పుడు దాసి అనే అంటారు, ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవరు. కడుపుతో పారిపోయి అరణ్యంలో నీళ్ళ ఊట దగ్గర ఉంటే, దేవుని దూత పేరు పెట్టి పిలిచి, ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి పోతున్నావు అని అడిగాడు. ఆమె ఆ దేవునికి తనను చూసేవాడని పేరు పెట్టుకుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మనలో క్రైస్తవులైన చాలామంది సగం సగం బతుకుతున్నారు. చర్చిలో ఇలవేల్పు కథనీ, అవ్వ పాడిన పాటనీ దాస్తారు. ఊరి పండుగలో బైబిలు దాస్తారు. పైగా రిజర్వేషన్ పోతుందేమోనని భయం. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. అదే ఏడాది వచ్చిన షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో ఆ షరతు లేదు. మతం మారిన ఎస్టీలను జాబితా నుంచి తీసేయాలని అడిగేవాళ్ళు ఉన్నారు, నిజమే. అది చట్టం దగ్గర కొట్లాడాల్సిన విషయం. దేవుని ముందు మాత్రం ఏ సగాన్నీ దాచే అవసరం లేదు. కోయ బిడ్డను కోయ బిడ్డగానే, లంబాడీ బిడ్డను లంబాడీ బిడ్డగానే ఆయన ఎరుగును.

మన రైలు పట్టాల వెంట పోతే వచ్చే డోర్నకల్ దీనికి సాక్ష్యం. 1909లో తిరునల్వేలి వైపు నుంచి అజరయ్య గారు అక్కడికి వచ్చి తెలుగు నేర్చుకుని పని చేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన కట్టించిన కెథడ్రల్‌లో గుమ్మటాలు, మినార్లు, మన దేశపు గుళ్ళ పోలికలు కనిపిస్తాయి. క్రైస్తవుడు కావాలంటే ఇంగ్లీషువాడు కానక్కర్లేదని ఆ గోడలే చెప్తాయి. 1910లో ఎడిన్‌బరో సభలో ఆయన తెల్లదొరల ముఖం మీదే ఒక మాట అడిగారు: మీ త్యాగాలు చూశాం, ఇప్పుడు మాకు స్నేహం కావాలి అని. సాయం చేసేవాడికి మన అవసరం తెలిస్తే చాలు. స్నేహితుడికి మనం తెలియాలి.

ఇక చివరి మాట. "దేవునికి తెలుసు కదా" అని మనుషులకు చెప్పడం మానెయ్యొద్దు. హాస్టల్లో కొత్తగా చేరిన తమ్ముడు అన్నం సరిగ్గా తినకపోతే, చెల్లె ఫోన్ పట్టుకుని మూలన కూర్చుంటే, ర్యాంకు అడగకండి. ఊరు అడగండి, ఇంటిపేరు అడగండి, ఇంటి దగ్గర ఎవరున్నారో అడగండి. బతుకు మీద విరక్తి మాటలు వస్తే పక్కనే కూర్చోండి, వార్డెన్‌కో ఇంటివాళ్ళకో చెప్పండి, 14416 టెలి మానస్‌కు ఫోన్ చేయించండి. దేవుడు తనను ఎరుగునని ఆ పిల్లలు నమ్మాలంటే ముందు మనలో ఒక్కరన్నా వాళ్ళను పేరు పెట్టి పిలవాలి.