తెర నల్లగా ఉంటే కంప్యూటర్ పోయినట్టేనా?

వేసవిలో థార్ ఎడారి దిక్కు నుంచి వచ్చే దుమ్ము గ్రేటర్ నోయిడా ఇళ్లలోని కంప్యూటర్లలోకీ చేరుతుంది. ఒకరోజు ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, మానిటర్‌పై మాత్రం బొమ్మ రాదు. "మదర్‌బోర్డు మార్చాల్సిందే" అనే తీర్పు చాలాసార్లు ఏ పరీక్షా లేకుండానే వచ్చేస్తుంది. ఇది సరికాదు.

ఆన్ చేయగానే తన భాగాలను తానే పరీక్షించుకునే ఏర్పాటు 1981 నాటి ఐబీఎం పీసీలోనే ఉంది. తెరపై ఏమీ చూపలేనప్పుడు లోపాన్ని తెలిపేందుకే బీప్ శబ్దాలు పెట్టారు. నేటి బోర్డుల్లో కొన్నింటికి ఇందుకోసం చిన్న లైట్లూ ఉంటాయి.

ముందుగా మానిటర్ పవర్, కేబుల్, ఇన్‌పుట్ ఎంపిక చూడాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే పెట్టాలి. తర్వాత ప్లగ్ తీసేసి, ర్యామ్ ఊడదీసి మళ్లీ గట్టిగా అమర్చాలి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటితో ప్రయత్నించాలి. ఒకసారికి ఒకే మార్పు చేయాలి. రెండు మార్పులు కలిపి చేస్తే లోపం ఎక్కడుందో తెలియదు. పవర్ సప్లై పెట్టెను మాత్రం విప్పకూడదు. ప్లగ్ తీసినా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు మిగిలి ఉండవచ్చు.

2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలను పోగుచేసింది. పద్ధతి ప్రకారం సేకరించి, రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. బాగున్న బోర్డును పారేస్తే ఆ కుప్ప మరికొంత పెరుగుతుంది, జేబుకూ చిల్లు పడుతుంది. అందుకే బోర్డు పోయిందని చెప్పే మెకానిక్‌ను "ఏ పరీక్షతో తేల్చారు?" అని అడగడం వినియోగదారు హక్కు. ఆ ప్రశ్నలోనే సైన్సు ఉంది.