ముందు బ్యారెల్ మూతి చూడండి

1859లో థామస్ ఆస్టిన్ విక్టోరియాలోని బార్వన్ పార్క్‌లో వేట సరదాకి వదిలిన కుందేళ్ళ సంతతి నేటికీ ఆస్ట్రేలియా రైతుల పచ్చికను మేసేస్తోంది. వాటిని వేటాడటానికి సెకండ్‌హ్యాండ్ పాయింట్ 22 రైఫిల్ కొనేవాళ్ళు దాని పిడి చెక్క నునుపు చూసి మురిసిపోతుంటే నాకు బాధేస్తుంది. చెక్క మీది గీతలు గురిని చెడగొట్టవు. లోపల తూటా లేదని రూఢి చేసుకున్నాక చూడాల్సింది బ్యారెల్ మూతి అంచు. మెత్తటి సీసపు గుండ్లు బ్యారెల్‌ను పెద్దగా అరగదీయవు. మూతిలోంచి రాడ్ దూర్చి ఏళ్ళ తరబడి తోమిన చేతులే ఆ అంచును పాడుచేస్తాయి. అక్కడ చిన్న నొక్కు పడినా గుండు దారి తప్పుతుంది. అందుకే బోల్ట్ తీసి, వీలైనంతవరకు వెనకవైపు నుంచే శుభ్రం చేయాలి. డబ్బు ఇచ్చేముందు రేంజ్‌లో 50 మీటర్ల దూరాన కాగితం మీద ఐదు గుండ్లు కాల్చి చూడండి. చెల్లాచెదురుగా పడ్డాయా, ఎంత చవకైనా వద్దు. గురి తప్పిన గుండుకు గాయపడ్డ కుందేలు బొరియలోకి ఈడ్చుకుంటూ పోయి, చీకట్లో గిలగిల్లాడి చస్తుంది. పంటకు శత్రువే కావచ్చు, దాన్ని అంత హింస పెట్టే హక్కు మనకు లేదు. రైఫిల్‌ను, తూటాలను వేర్వేరుగా తాళం వేసి ఉంచమంటుంది ఆస్ట్రేలియా చట్టం. వానలో తడిసిన రోజున ఎంత అలసిపోయినా సరే, తుడిచి ఆరబెట్టి, పలచగా నూనె రాశాకే బీరువాలో పెట్టండి. గుడ్డ సంచిలో వదిలేస్తే చెమ్మకు తుప్పు పట్టేస్తుంది.