తుంటికి ఎక్స్‌రే సరే.. మతికి పరీక్ష ఏదీ?

ఇంట్లో పెద్దావిడ జారిపడి తుంటి ఎముక విరిగిందంటే ముందు పట్టుకునే బెంగ ఖర్చు గురించే. 2024 అక్టోబరు చివర్లో 70 ఏళ్లు నిండినవారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్‌ భారత్‌ను వర్తింపజేశాక ఆ భారం కొంత తేలికపడింది. మరో లోటు మాత్రం అలాగే ఉంది. ఆపరేషన్‌కు ముందు ఎక్స్‌రే, ఈసీజీ, ఎకో, షుగరు అన్నీ చూస్తాం. మతి ఎలా ఉందో చాలాచోట్ల చూడం. ఇంగ్లండ్‌లో తుంటి విరిగిన వృద్ధులకు ఈ పరీక్ష కూడా చేస్తేనే ఆస్పత్రికి అదనపు సొమ్ము అందుతుంది.

మనదేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకోవటంతో చాలామందిలో ఇది బయటపడదు. ఇలాంటివారు పడిపోయే అవకాశమూ ఎక్కువే. నొప్పిని సరిగా చెప్పుకోలేరు కాబట్టి నొప్పి మందూ తక్కువే అందుతుంది.

ఆపరేషన్‌ అయిన రెండో రోజో, మూడో రోజో రాత్రి సెలైన్‌ పీకేస్తారు. ఎప్పుడో పోయిన భర్తతో మాట్లాడతారు. బంధువులు ‘గాలి సోకింది’ అంటారు. కొందరు సిబ్బంది చేతులు కట్టేస్తారు. ఇది చాలావరకు డెలీరియం, అంటే ఉన్నట్టుండి వచ్చే మతి భ్రమణం. నొప్పి, మూత్రం నిలిచిపోవటం, ఇన్‌ఫెక్షన్‌, మలబద్ధకం, సోడియం తగ్గటం, కొత్త మందులు, ఆఖరికి కళ్లజోడు, వినికిడి యంత్రం ఇంట్లో మరచిపోవటమూ దీనికి దారితీయొచ్చు. కేకలు వేసేవారినైతే గమనిస్తాం. తిండి మానేసి మగతగా పడుకునేవారిని ‘హాయిగా నిద్రపోతున్నారు’ అనుకుంటాం. ఎక్కువగా దాటిపోయేది ఈ రకమే.

దీన్ని పట్టుకోవటానికి ‘4ఏటీ’ పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు. మెలకువ ఎలా ఉంది? వయసు, పుట్టినతేదీ, ఉన్న చోటు, సంవత్సరం చెప్పగలరా? నెలల పేర్లు వెనక నుంచి చెప్పగలరా? ఉన్నట్టుండి మార్పు వచ్చిందా? బడి ముఖం చూడని అవ్వ పుట్టినతేదీ, నెలలు చెప్పలేకపోతే వెంటనే జబ్బనుకోకూడదు. అందుకే చివరి ప్రశ్నకు మీ జవాబు చాలా విలువైంది. ఆర్నెల్లుగా అడిగిందే అడుగుతున్నారా? డబ్బు లెక్క తప్పుతోందా? దారి మరుస్తున్నారా? వెంటనే డాక్టరుకు చెప్పండి.

డిమెన్షియా ఉందని ఆపరేషన్‌ వద్దనకండి. మంచానికే అతుక్కుపోతే పుండ్లు, న్యుమోనియా కాచుకొని ఉంటాయి. అలాగని వార్డులోని గందరగోళం చూసి డిమెన్షియా ముద్రా వేయొద్దు. రెండు మూడు నెలల తర్వాత, మనిషి కుదుటపడ్డాక జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి. తెలుగువారికి తగినట్టు మలచిన పరీక్షలూ ఉన్నాయి.