పైరసీ చట్టాలూ – మన గొంతులూ

2012 మే నెలలో మన దేశంలో ఇంటర్నెట్ వాడేవాళ్లకి ఒక వింత అనుభవం ఎదురైంది. స్వతంత్రంగా డాక్యుమెంటరీలు తీసేవాళ్లు తమ చిత్రాలు పెట్టుకునే విమియో తెరుచుకోలేదు. డైలీమోషన్ లేదు, పేస్ట్‌బిన్ లేదు. కారణం రెండు సినిమాలు. ఒకటి తమిళ '3', రెండోది మన తెలుగు 'దమ్ము'. వీటి దొంగ కాపీలు ఎవరూ ఎక్కించకుండా ఆపాలని మద్రాసు హైకోర్టు నుంచి ముందుగానే ఉత్తర్వు తెచ్చుకున్నారు. ఎవరి మీద? పేరూ ఊరూ తెలియనివాళ్ల మీద. ఇలాంటి వాటిని మన కోర్టుల్లో 'అశోక్ కుమార్' ఉత్తర్వులంటారు. ప్రతివాది ఎవరో తెలియనప్పుడు రాసుకునే ఉత్తుత్తి పేరది. ఆ కాగితం చేతిలో పడగానే ఇంటర్నెట్ కంపెనీలు సైట్లకి సైట్లే మూసేశాయి. దొంగ కాపీ ఉన్న ఆ ఒక్క పేజీ ఆపితే చాలు, మొత్తం సైటు కాదని జూన్‌లో కోర్టే స్పష్టం చేయాల్సి వచ్చింది. ఈ మధ్యలో మూతపడ్డ చిత్రాల్లో 'దమ్ము'తో ఏ సంబంధమూ లేనివి ఎన్నో, ఆ నష్టం ఎవరికి ఎంతో, ఎవరూ లెక్క కట్టలేదు.

ఇది సినిమావాళ్ల గొడవ, మనకెందుకు అనిపించవచ్చు. డంకెల్ ముసాయిదా రోజుల్లో నేను హైస్కూల్లో ఉన్నాను. మా సంస్థలో పెద్దవాళ్లు విత్తనాల మీద పేటెంట్ల గురించి మాట్లాడితే, అది రైతుల గొడవ, ఆడవాళ్లకెందుకు అన్నారట చాలామంది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు అమల్లోకి వచ్చిన మేధోసంపత్తి ఒప్పందంలోనే విత్తనమూ ఉంది, మందూ ఉంది, కాపీరైటూ ఉంది. మనం మొదటి రెండింటి గురించి మాట్లాడి మూడోదాన్ని వదిలేశాం.

ఈ చట్టాలు పనిచేసే తీరు చూడాలి. అమెరికా 1998లో చేసిన డిజిటల్ కాపీరైట్ చట్టం ప్రకారం, ఫలానా వీడియో నాది అని ఎవరైనా నోటీసిస్తే కంపెనీ దాన్ని తీసేయాలి. లేకపోతే ఆ తప్పులో తనకీ వాటా వస్తుంది. కాబట్టి ముందు తీసేస్తుంది, నిజానిజాలు తర్వాత. మనం వాడే పెద్ద వేదికలన్నీ అమెరికావే కనక, ఆ చట్టం మన ఇంట్లోనూ నడుస్తోంది. నోటీసు తప్పయితే తిరుగు నోటీసు ఇవ్వచ్చు, నిజమే. కానీ అందులో మన అసలు పేరు, చిరునామా, ఫోను నెంబరు రాయాలి. అవి ఫిర్యాదు చేసినవాడి చేతికి వెళతాయి. వేధించిన మనిషి మాటల్ని అతని వీడియోలోంచే రెండు నిముషాలు తీసి, విమర్శ జోడించి పెట్టిన అమ్మాయిని ఊహించండి. అతను కాపీరైట్ నోటీసిస్తాడు. ఆ రెండు నిముషాలు తిరిగి రావాలంటే ఆమె తన ఇంటి చిరునామా అతనికి పంపాలి. ఎంతమంది పంపుతారు? మర్యాదగా మాట్లాడే చట్టమే ఆమెని నోరు మూసుకోమంటోంది.

రాజ్యం చేతిలో ఇదెలా మారుతుందో రష్యాలో కనిపించింది. ఇర్కుత్స్క్‌లో బైకాల్ సరస్సు కోసం పోరాడే చిన్న సంస్థ ఒకటుండేది, బైకాల్ ఎన్విరాన్‌మెంటల్ వేవ్. దాన్ని నడిపినవాళ్లలో ముఖ్యురాలు మరీనా రిఖ్వనోవా, 2008లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం అందుకున్న మహిళ. సరస్సు ఒడ్డున మూతపడ్డ కాగితం మిల్లుని మళ్లీ తెరవడాన్ని వీళ్లు వ్యతిరేకించారు. 2010 జనవరిలో పోలీసులొచ్చి కంప్యూటర్లు ఎత్తుకుపోయారు. ఆరోపణ రాజద్రోహం కాదు, దొంగ సాఫ్ట్‌వేర్! మా దగ్గరున్నవన్నీ డబ్బిచ్చి కొన్నవేనని సంస్థ చెప్పినా వినలేదు. ఆ కంప్యూటర్లలో ఉన్నవి ఉత్తరాలు, సభ్యుల పేర్లు, ఉద్యమ పత్రాలు. అదే ఏడాది సెప్టెంబరులో ఈ సంగతి అమెరికా పత్రికల్లోకి ఎక్కాక మైక్రోసాఫ్ట్ కంపెనీ స్వచ్ఛంద సంస్థలకి, స్వతంత్ర పత్రికలకి ఉచిత లైసెన్సు ప్రకటించింది. మన సంస్థల ఆఫీసుల్లో ఎవరో దానం చేసిన పాత కంప్యూటర్లుంటాయి. వాటిలో ఏముందో, ఎవరు వేశారో మనలో ఎంతమందిమి చూసుకున్నాం?

ఫ్రాన్సు 2009లో ఇంకో దారి పట్టింది. మూడుసార్లు దొరికితే ఇంటి కనెక్షనే కోసేస్తామంది. భావప్రకటనా స్వేచ్ఛలో ఇంటర్నెట్ అందుబాటు కూడా భాగమేనని, కోర్టు లేకుండా ఆ పని చెయ్యడం కుదరదని అక్కడి రాజ్యాంగ మండలి ఆ జూన్‌లోనే తేల్చింది. మార్చి రాసిన చట్టం కింద 2012లో మొదట జరిమానా పడింది ఒక వడ్రంగికి. పాటలు దించుకున్నది తనేనని అతని భార్య ఒప్పుకుంది. అయినా కనెక్షన్ అతని పేరున ఉంది కనక శిక్ష అతనికే. నవ్వొచ్చే కథే. కానీ కనెక్షన్ ఇంటాయన పేరున, వాడకం ఇంట్లో అందరిదీ అయిన మన ఇళ్లలో ఇలాంటి చట్టం వస్తే, ఫోను ఎవరు చూడాలో ఎవరు చూడకూడదో నిర్ణయించే అధికారం మళ్లీ ఎవరి చేతికి పోతుందో చెప్పనక్కర్లేదు.

ఎదిరించినచోట ఆగింది కూడా. అమెరికాలో సైట్లని మొత్తంగా వెలివేసే 'సోపా', 'పిపా' బిల్లులకి నిరసనగా 2012 జనవరి 18న ఇంగ్లీషు వికీపీడియా ఒక రోజంతా తెర నల్లగా ఉంచింది. రెండ్రోజుల్లో బిల్లులు పక్కన పడ్డాయి. అదే జూలైలో 'ఆక్టా' ఒప్పందాన్ని యూరప్ పార్లమెంటు 39కి వ్యతిరేకంగా 478 ఓట్లతో తిప్పికొట్టింది. మన దేశంలో మాత్రం పార్లమెంటులో పెద్దగా చర్చ లేకుండానే పని జరిగిపోయింది. 2019లో ఢిల్లీ హైకోర్టు, మూసిన సైటు కొత్త చిరునామాతో వస్తే మళ్లీ దావా వెయ్యకుండానే దాన్నీ జాబితాలో కలపొచ్చంది. 2023లో ఇంకా తియ్యని సినిమాలకి కూడా ఈ రక్షణ విస్తరించింది. అదే ఏడాది సినిమాటోగ్రాఫ్ చట్ట సవరణ వచ్చింది. నేరానికి మూడేళ్ల దాకా జైలు, సినిమా ఖర్చులో 5 శాతం దాకా జరిమానా. ఆ నవంబరులో కేంద్ర ప్రభుత్వం అధికారుల్ని నియమించింది. వాళ్లు చెబితే 48 గంటల్లో లింకు తీసేయాలి. ఇక్కడ కోర్టు ఊసే లేదు.

చదువు సంగతి నాకు దగ్గరిది. నా తరం పరిశోధకులం జిరాక్స్ షాపుల పుణ్యాన పట్టాలు తెచ్చుకున్నవాళ్లం. ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గరి జిరాక్స్ షాపు మీద మూడు పెద్ద ప్రచురణ సంస్థలు 2012లో దావా వేస్తే, బోధన కోసం చేసే కాపీ తప్పు కాదని 2016లో హైకోర్టు చెప్పింది. ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. కజక్‌స్తాన్‌లో పుట్టిన అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ అనే యువతి 2011లో మొదలుపెట్టిన సై-హబ్ పరిశోధనా వ్యాసాలని ఎవరికైనా ఉచితంగా ఇచ్చేది. అదే కోర్టు 2025 ఆగస్టులో దాన్ని మూయించింది. ఆ ఏడాది ప్రభుత్వం తెచ్చిన 'ఒకే దేశం ఒకే చందా' పథకం మంచిదే, కానీ అది ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఉన్నవాళ్లకి. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక విశ్వవిద్యాలయం వదిలేసి ఇంటి దగ్గర కూచుని రాసుకునే స్త్రీలు ఎక్కడికి పోవాలి? మనలాంటి సంస్థల్లో పనిచేసేవాళ్లు?

దీనికి రెండో పక్కా ఉంది, దాన్ని దాచడం నిజాయితీ కాదు. పాట రాసినామెకి, బొమ్మ గీసినామెకి తన శ్రమ మీద హక్కుండాలి. ఇంకా చిక్కైన సంగతి, తమ ఫొటోలు బజార్న పడ్డ స్త్రీలు అమెరికాలో ఎందరో కాపీరైట్‌నే ఆశ్రయించారు. తన ఫొటో తనే తీసుకుంది కనక హక్కు తనది. పరువు గురించి ఏడిస్తే వినని కంపెనీ, ఆస్తి అంటే విన్నది. 2012లో ఒక నటిని మోసగించి, ఆమె నోట్లో మతాన్ని దూషించే మాటలు డబ్బింగ్ చేసిన సినిమా విషయంలో చంపుతామనే బెదిరింపులొచ్చాయి. ఆమె కూడా కాపీరైట్ పేరునే కోర్టుకెళ్లి మొదట గెలిచి, 2015లో ఓడిపోయింది. నటనపై హక్కు ఆమెది కాదన్నారు. ఆమె ప్రాణం అడిగితే కోర్టు సినిమా లెక్కలు చూసింది. మన దేశంలో 2021 నిబంధనలు ఇలాంటి బొమ్మలు 24 గంటల్లో తీసేయాలన్నాయి. మా సలహా కేంద్రానికొచ్చే అమ్మాయిలు చూపించేది మాత్రం 'మీ ఫిర్యాదు అందింది' అనే యంత్రం జవాబు.

కాబట్టి మేం అడుగుతున్నవి ఇవి. ఏ సైటు ఎందుకు మూశారో ఆ ఉత్తర్వు అందరూ చదవగలిగేలా బయట పెట్టాలి. తప్పుడు నోటీసిచ్చినవాడు నష్టపరిహారం కట్టాలి. జవాబు చెప్పే స్త్రీ చిరునామా అవతలివాడికి చేరకూడదు. స్త్రీ శరీరానికి, ఆస్తి హక్కుతో పనిలేని రక్షణ విడిగా కావాలి. సినిమా లింకు కోసం అధికారుల్ని పెట్టగలిగిన ప్రభుత్వం దీనికీ పెట్టాలి.

మీలో ఎవరి వీడియో అయినా, పాట అయినా, వ్యాసమైనా కాపీరైట్ పేరుతో తీసేసి ఉంటే ఆ నోటీసు నకలు మాకు పంపండి. పేరు వెయ్యం. వచ్చినవన్నీ కలిపి వచ్చే సంచికలో ప్రచురిస్తాం.