మాయాగృహమున వ్యసన చికిత్స

హెరాయిను మరగినవానిని చికిత్సాలయమున నెలలతరబడి యుంచి, దేహము తేరిన పిదప నింటికి బంపుదురు. ఆతడు తన పాత వీధిలో నడుగిడినంతనే యావులింతలును, ముక్కునీరును, ఒడలినొప్పులును మరల బయలుదేరును. 1935లో అమెరికాలోని లెగ్జింగ్టనున వెలసిన ప్రభుత్వ వైద్యాలయమున పనిచేసిన అబ్రహాం విక్లర్ అను వైద్యు డీ వింతను గుర్తించి, పావ్లోవు పండితుని కుక్క యాహారపు సూచన కలిగినంతనే చొంగ కార్చినట్లు, వ్యసనియు స్థలమునకును సహవాసమునకును కట్టుబడి యున్నాడని వివరించెను.

వియత్నాం యుద్ధ మీ మాటకు సాక్ష్యమిచ్చినది. 1971 నాటికి అచటి అమెరికా సైనికులలో హెరాయిను ప్రబలియుండెను. అయినను, వ్యసనమున జిక్కినవారిలో నధికసంఖ్యాకులు స్వదేశము చేరిన వెనుక దానిని విడనాడిరని లీ రాబిన్స్ అను విదుషీమణి పరిశోధించి చెప్పెను. స్థలము మారుటయే సర్వమని మేమనము. కాని యది స్వల్పమును గాదు.

ప్రతి రోగికిని దేశము మార్పజాలము గదా! వీధినే వైద్యుని గదికి దెచ్చుట వర్చువల్ రియాలిటీ యను నూతన సాధనము చేయబూనిన పని. హ్యూస్టన్ విశ్వవిద్యాలయమున ప్యాట్రిక్ బోర్డ్నిక్ బృందము ఒక యింటి విందును కృత్రిమముగా గల్పించినది. రోగి ప్రత్యేకమైన కంటిజోడు తగిలించుకొని యందు బ్రవేశించును. చుట్టును జనులు హెరాయిను పీల్చుచుందురు, సూదులు గ్రుచ్చుకొనుచుందురు. వానికి నిజముగనే కోరిక పుట్టును. దాని నేరీతిగా దాటవలయునో వైద్యుని సమక్షముననే యభ్యసించును. బొమ్మలు చూచిన కోరిక పుట్టునా యని నవ్వువారు, హరిశ్చంద్ర నాటకమున కాటిరంగము చూచి తామేల కన్నీరు గార్చితిరో చెప్పవలయును.

కావున మేమీ ప్రయత్నమును బరిహసింపము. మా భయము వేఱు. వ్యసనమును గుర్తుచేయు వస్తువులను రోగి యెదుట బెట్టి కోరికను మాన్పు చికిత్సలను 2002లో కాంక్లిన్, టిఫనీ అను పండితులు పరిశీలించి, అవి ఫలించినవనుటకు దృఢమైన యాధారము లేదనిరి. గదిలో నణగిన కోరిక గడప దాటగనే లేచును. పలు దృశ్యములు కల్పించినచో నీ లోపము తీరునని నూతనమార్గీయు లాశించుచున్నారు. 2012లో పొగాకు విషయమున చిన్న ప్రయోగ మొకటి కొంత యాశ కలిగించినది. హెరాయిను పొగాకు గాదు. కొంతకాలము మానినవాని దేహమునకు పూర్వపు తాళుడుశక్తి యుండదు; పాత మోతాదే మరల దీసికొన్నచో నూపిరి నిలిచిపోవచ్చును. కంటిజోడు పరీక్షలో నెగ్గినాడని మందు మాన్పించి పంపుట వానిని మృత్యుముఖమున ద్రోయుటయే. మెథడోన్, బుప్రినార్ఫిన్ అను మందులు ప్రాణములు నిలుపునని రుజువైనది. తళుకు లేని మందు లగుటచే గాబోలు, వానిని గూర్చి మాటాడువా రరుదు.

2019లో కేంద్ర సాంఘిక న్యాయశాఖ ప్రకటించిన లెక్కలలో, నల్లమందు జాతి ద్రవ్యముల వాడుకవలన సహాయము గావలసిన భారతీయులు సుమారు 77 లక్షలు. ఇందఱికి ముందుగా గావలసినవి దగ్గఱి యాసుపత్రిలో మందును, ఇంటికి వచ్చి విచారించు మనుష్యుడును. వేలకువేలు పోసి బిడ్డలను ప్రైవేటు కేంద్రములలో జేర్చు తండ్రులు, అచట నీ యంత్రము గలదా యని కాక, ఇంటికి బంపిన మఱునాటినుండి మందెవ రిత్తురు, ఎన్ని నెలలు విచారింతురు అని యడుగుదురు గాక.